పోపుల పెట్టె పక్కన పెన్సిలు

'వ్యాసం' అన్నమాట వినగానే మనలో చాలామందికి టెన్త్ క్లాసు తెలుగు పరీక్ష, దానికి ముందు రాత్రి బట్టీ పట్టిన గైడు గుర్తొస్తాయి. గ్రంథాలయాల వల్ల ఉపయోగాలు, వార్తాపత్రికలు, జాతీయ సమైక్యత... విషయం ఏదైనా సరే, ముందు ఉపోద్ఘాతం, చివర ముగింపు, మధ్యలో నాలుగు లాభాలూ రెండు నష్టాలూ. రాసేస్తాం, పాసైపోతాం, పెళ్ళి చేసుకుని అత్తారింటికి వచ్చేస్తాం. ఆ తర్వాత మనం రాసేదల్లా పాలవాడి లెక్క, పండగ సరుకుల చీటీ, అంతే!

నాది కూడా అదే కథ. మా పుట్టిల్లు అనకాపల్లి దగ్గర పల్లెటూరు. టెన్త్ అవగానే చదువు ఆపించేశారు. 1998లో పెళ్ళయి మల్కాపురం వచ్చాను. మల్కాపురం తెలియనివాళ్ళ కోసం చెబుతాను. విశాఖపట్నంలో సింధియా దాటాక, శ్రీహరిపురం మీదుగా గాజువాక వెళ్ళే దారిలో వస్తుంది. ఒకవైపు షిప్‌యార్డు, ఇంకోవైపు రిఫైనరీ, వాటికి వెనకాల యారాడ కొండ. మావారు వెల్డింగు పని చేస్తారు. ఇంట్లో అత్తయ్యగారు, మేమిద్దరం, ఒక అమ్మాయి.

మా అమ్మాయి ఇంకా చిన్న బడిలో చదువుతున్నప్పుడు, అంటే 2009లో, నేను బి.ఏ.లో చేరాను. నవ్వకండి! మన రాష్ట్రంలో 1982లోనే సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు పెట్టారు. ఇంటర్ చదవకపోయినా, పద్దెనిమిదేళ్ళు నిండి అర్హత పరీక్ష పాసైతే డిగ్రీలో చేర్చుకునేవారు. నాలాంటి వాళ్ళెందరికో ఆ పరీక్షే తలుపు తీసింది.

ఇంట్లో చెప్పగానే అత్తయ్యగారు, "ఏటే అమ్మా, పిల్ల బడికెళ్తోంటే తల్లి బియ్యే సదువుతాదేటి?" అన్నారు. మావారు మాత్రం, "పోనీలేమ్మా, ఆదివారం ఒక్కరోజే కదా క్లాసు. ఆరోజు నువ్వు పెట్టిన ఉలవచారే తింటాం" అన్నారు. అత్తయ్యగారికి తన వంట మీద ఉన్న గర్వం నాకు ఆ విధంగా కలిసొచ్చింది.

గైడు మీద మొదటి దెబ్బ

ఆదివారం పొద్దున్నే ఉప్మా చేసి, పప్పు పొయ్యి మీద పడేసి, కాన్వెంట్ జంక్షన్ మీదుగా సిటీకి వెళ్ళే బస్సెక్కేదాన్ని. క్లాసులో పాతికమంది దాకా ఉండేవాళ్ళం. ఒక అంగన్‌వాడీ టీచరు, ఆస్పత్రిలో ఆయాగా చేసే ఆవిడ, ఒక కానిస్టేబులు, బ్యాంకు అటెండరు, నాలాంటి గృహిణులు ఆరేడుగురం. తెలుగు చెప్పే మేడమ్‌కి నలభై అయిదేళ్ళుంటాయి. గట్టిగా మాట్లాడరు గానీ, ప్రశ్న అడిగారంటే జవాబు వచ్చేదాకా వదలరు.

మొదటి క్లాసులోనే ఆవిడ ఒక గైడు తీసి 'విశాఖపట్నం' అనే వ్యాసం చదివారు. ప్రకృతి అందాలకు నిలయమట, చూపరుల మనసు దోచుకుంటుందట, పరిశ్రమలకు పుట్టినిల్లట, ఇలా ఒకటిన్నర పేజీ. చదవడం అయ్యాక అడిగారు: "ఇందులో విశాఖపట్నం అని ఉన్నచోటల్లా కాకినాడ అని పెడితే ఏ వాక్యమైనా అబద్ధమవుతుందా?" అందరం ఆలోచించాం. ఒక్కటీ అబద్ధం కావడంలేదు! "అయితే ఇది విశాఖపట్నం గురించి రాసింది కాదు. ఏ ఊరి గురించీ రాసింది కాదు" అన్నారు మేడమ్.

అంతే. ఆ ఒక్క పరీక్షతో నాకు సగం పాఠం అర్థమైపోయింది. మీరూ ప్రయత్నించి చూడండి. పెళ్ళి శుభలేఖలో, సన్మానపత్రంలో, ఎలక్షను కరపత్రంలో పేరు మార్చి చదవండి. ఎన్ని మాటలు ఎవరికైనా సరిపోయేవో, ఎన్ని ఆ మనిషికే చెందినవో ఇట్టే తెలిసిపోతుంది.

తర్వాత మేడమ్ వ్యాసం పుట్టుపూర్వోత్తరాలు చెప్పారు. ఫ్రాన్సులో మాంటేన్ అనే ఆయన 1580లో తన రాతల్ని పుస్తకంగా వేసి, వాటికి 'ప్రయత్నాలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడట. ఇంగ్లీషులో 'ఎస్సే' అన్నమాట అక్కడినుంచి వచ్చిందే. మన తెలుగులో సామినేని ముద్దునరసింహం నాయుడు గారు 'హితసూచని'లో చదువు గురించీ, మంత్రాల గురించీ, పెళ్ళిళ్ళ గురించీ రాసి వాటిని 'ప్రమేయాలు' అన్నారు. ఆ పుస్తకం 1862లో అచ్చయింది. వీరేశలింగం గారేమో తన వాటిని 'ఉపన్యాసాలు' అన్నారు. పానుగంటి వారు 'సాక్షి' వ్యాసాల్లో జంఘాలశాస్త్రి చేత మాట్లాడించారు. ఇంతమంది ఇన్ని పేర్లు పెట్టుకున్నది ఒక్కదానికే: తనకు తోచినదాన్ని ఎదుటివాళ్ళకు కారణాలతో సహా చెప్పే ప్రయత్నం.

అప్పుడు మేడమ్ మా గృహిణుల వైపు తిరిగి, "మాలతీ చందూర్ గారి ప్రమదావనం చదివేవారా?" అని అడిగారు. మా అమ్మ చదివేది, నేను పక్కన కూర్చుని వినేదాన్ని. "ఆవిడ జవాబుల్లో డొంకతిరుగుడు ఉండదు. అడిగిందేమిటో పట్టుకుంటారు, తన మాట చెబుతారు, ఎందుకో చెబుతారు. మీరు చిన్నప్పటినుంచీ వ్యాసాలే చదువుతున్నారు, ఆ పేరు తెలియదంతే" అన్నారు. ఆ మాట విన్నాక నాకు కాలేజీ బెంచీ మీద కొంచెం నిమ్మళంగా కూర్చోవాలనిపించింది.

షిఫ్టుని బట్టి వంట

మొదటి అసైన్‌మెంటు 'మా ఊరు'. షరతు ఒకటే. వ్యాసం మొదలుపెట్టక ముందే, మీరు చెప్పదలచుకున్నది ఒక్క వాక్యంలో చెప్పాలి. పులుసు పెట్టాలో, పప్పు చెయ్యాలో తేల్చుకోకుండా పొయ్యి వెలిగిస్తామా? ఇదీ అంతే.

నేను వారం రోజులు గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ ఆలోచించాను. ఆ వారం మావారిది బి-షిఫ్టు. రాత్రి పదకొండు దాటాక అన్నం వేడిచేస్తుంటే ఎదురింట్లో కూడా లైటు వెలుగుతోంది. వాళ్ళాయన ఏ-షిఫ్టు, ఆవిడ పొద్దున్న క్యారేజీకి కూరలు తరిగి పెట్టుకుంటోంది. అప్పుడు దొరికింది నా వాక్యం: 'మల్కాపురంలో వంట పొద్దుని బట్టి కాదు, షిఫ్టుని బట్టి అవుతుంది.'

ఈ వాక్యంలో మల్కాపురం తీసేసి మా పుట్టింటి ఊరి పేరు పెడితే అబద్ధమైపోతుంది. అదీ నా సంతోషం!

వాక్యం దొరికాక మిగిలింది దానికి సాక్ష్యాలు వెతకడం. షిఫ్టులు ఎక్కడినుంచి వచ్చాయి? షిప్‌యార్డుకి 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన 'జలఉష' అనే ఓడని 1948లో నెహ్రూ గారు నీళ్ళలోకి వదిలారు. రిఫైనరీని 1957లో కాల్టెక్స్ కంపెనీ మొదలుపెట్టింది. అది ప్రభుత్వపరమై ఎన్నేళ్ళయినా మా వీధిలో ముసలివాళ్ళు ఇంకా 'కాల్టెక్సు' అనే అంటారు. ఇవన్నీ మేడమ్ చెప్పినట్టు లైబ్రరీకి వెళ్ళి రాసుకొచ్చాను. మిగతావి వీధిలో అడిగాను: ఏ షిఫ్టుకి ఎన్నింటికి లేస్తారు, పిల్లలు తండ్రిని వారంలో ఎన్నిసార్లు మెలకువగా చూస్తారు, అని.

అలా అడుగుతున్నప్పుడే 1997 మాట వచ్చింది. ఆ ఏడు సెప్టెంబరు 14, ఆదివారం నాడు రిఫైనరీలో గ్యాసు అంటుకుని పెద్ద ప్రమాదం జరిగింది. నేను అప్పటికి ఈ ఊరు రాలేదు. ఒక మామ్మగారు 'వెయ్యిమంది పోయారమ్మా' అన్నారు. ఇంకొకాయన 'రెండొందల పైమాటే' అన్నారు. లైబ్రరీలో చూస్తే చనిపోయినవారు అరవైమంది వరకు అని ఉంది. ఏది రాయాలి?

మేడమ్‌ని అడిగాను. ఆవిడ వెంటనే జవాబివ్వలేదు. "మామ్మగారు అంకె చెప్పినప్పుడు నిజంగా ఏం చెబుతున్నారు?" అని ఎదురు ప్రశ్న వేశారు. ఇంటికొచ్చి మళ్ళీ మామ్మగారి దగ్గర కూర్చున్నాను. కట్టుబట్టలతో జనం ఎలా పరుగెత్తారో, గాజువాక వైపు రోడ్డంతా ఎలా నిండిపోయిందో, ఎవరు ఎక్కడున్నారో తెలియక రాత్రంతా ఎలా గడిపారో చెప్పింది. ఆవిడ అంకె శవాల లెక్క కాదు, ఆవిడ భయం లెక్క. కాబట్టి నేను రికార్డులో ఉన్న అంకెని అంకెగా రాశాను, మామ్మగారి మాటని మామ్మగారి మాటగా రాశాను. రెండూ నిజమే, కానీ ఒకదాని చోట ఒకటి పెట్టకూడదు. ఈ తేడా నాకు ఏ గైడూ చెప్పలేదు.

గిరీశం దగ్గర ట్యూషన్

రెండో టర్ములో రాయడం తగ్గి చదవడం మొదలైంది. చదవడం మనకు కొత్తా అంటారేమో! మేడమ్ చెప్పిన చదవడం వేరు. చేతిలో పెన్సిలు పట్టుకుని, పేజీ పక్కన గుర్తులు పెట్టుకుంటూ చదవడం. కంటితో చూసినవి, లెక్కకు అందేవి ఉన్నచోట ఒక గీత. రచయిత అభిప్రాయం ఉన్నచోట రెండు గీతలు. అర్థంకాని చోట ప్రశ్నార్థకం. పుస్తకం మీద రాయడం పాపం అనుకుని పెరిగిన చేతులు కదా, మొదట్లో వణికాయి. లైబ్రరీ పుస్తకమైతే చీటీ మీద రాసుకోవాలి సుమండీ!

చదివిన ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలు అడగమన్నారు. ఇది ఎవరు చెబుతున్నారు, నేను నమ్మితే వాళ్ళకేమిటి? దీనికి ఆధారం ఏమిటి? చెప్పవలసి ఉండీ చెప్పనిదేమిటి?

మూడో ప్రశ్న అన్నింటికన్నా కష్టం. ఉన్నది కనిపిస్తుంది, లేనిది ఎలా కనిపిస్తుంది? దానికి మేడమ్ మన గురజాడ వారి 'కన్యాశుల్కం' తీసుకున్నారు. 1897లో మొదట అచ్చయిన నాటకం, మా విజయనగరం వైపు కథే. గిరీశం మాటలు వింటే మనకు నవ్వొస్తుంది. కానీ వెంకటేశానికి నవ్వు రాలేదు, అగ్నిహోత్రావధాన్లు గారికీ రాలేదు. ఎందుకని? "గిరీశం మాట్లాడినంతసేపూ అతను చెప్పనిది ఏమిటో ఒక కాగితం మీద రాయండి" అన్నారు. మేం రాశాం. చదువు చెబుతానంటాడు గానీ ఏ పాఠం చెప్పాడు? ఎవరెవరికి ఎంత బాకీ ఉన్నాడు? పూటకూళ్ళమ్మ డబ్బు ఏమైంది? లిస్టు పెరుగుతున్నకొద్దీ క్లాసులో నవ్వులు తగ్గిపోయాయి. ఆస్పత్రి ఆయమ్మ ఉన్నట్టుండి, "మా పెద్దమ్మాయికి పెళ్ళి సంబంధం తెచ్చినాయన కూడా ఇలాగే మాట్లాడాడండీ" అంది. ఆ మాట మీద ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత వారపత్రికల్లోంచి ప్రకటనలు కత్తిరించి తెమ్మన్నారు. ముఖం తెల్లబడే క్రీము, పిల్లలు పొడుగయ్యే పౌడరు, పది రోజుల్లో ఇంగ్లీషు. 'నిపుణులు సిఫార్సు చేసిన' అంటే ఏ నిపుణులు? 'రెట్టింపు తెలుపు' అంటే దేనికి రెట్టింపు? ఆ వారమంతా మా అమ్మాయీ నేనూ టీవీ ముందు కూర్చుని ఇదే ఆట. అత్తయ్యగారు కూడా సీరియల్ మధ్యలో, "దేనికి రెట్టింపటే?" అని అడగడం మొదలుపెట్టారు!

రంగుల పుస్తకం

ఇక్కడిదాకా సరదాగానే ఉంది. 2010 సంక్రాంతికి మాత్రం ఈ చదువు నేరుగా మా నట్టింట్లోకి వచ్చి కూర్చుంది.

అత్తయ్యగారికి సబ్బవరం వైపు పుట్టింటివాళ్ళు ఇచ్చిన కాస్త భూమి ఉండేది. అది అమ్మితే మూడు లక్షలు వచ్చాయి. ఆవిడ జీవితంలో తన పేరు మీద ఉన్న డబ్బు అదొక్కటే. పండక్కి మా వదినగారు, ఆవిడ భర్త వచ్చారు. ఆయన నాకు అన్నయ్య వరస. మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. ఆయన ఒక కంపెనీకి ఏజెంటుగా చేరారు. సంచీలోంచి నిగనిగలాడే రంగుల పుస్తకం తీసి అత్తయ్యగారి ఒళ్ళో పెట్టారు. మూడేళ్ళలో డబ్బు రెట్టింపు! పచ్చటి తోటల ఫోటోలు, పెద్దమనుషులతో దిగిన ఫోటోలు, 'ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పొందిన సంస్థ' అని బంగారు అక్షరాలు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నేను పెన్సిలు తీశాను.

ఒక గీత పెట్టడానికి పుస్తకం మొత్తంలో చోట్లు చాలా తక్కువ దొరికాయి. తోట ఫోటో ఉంది, ఊరి పేరు లేదు, సర్వే నంబరు లేదు. రిజిస్ట్రేషన్ అని ఉంది, దేనికి రిజిస్ట్రేషనో లేదు. తర్వాతి ఆదివారం క్లాసులో బ్యాంకు అటెండరు గారిని అడిగాను. "కంపెనీ పెట్టుకోవడానికి రిజిస్ట్రేషన్ వేరమ్మా, జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడానికి అనుమతి వేరు. డిపాజిట్లకైతే రిజర్వు బ్యాంకు, అందరి డబ్బూ పోగేసి తోటలూ భూములూ అనే స్కీములకైతే సెబీ. ఆ పేర్లున్నాయా పుస్తకంలో?" అన్నారు. లేవు. ఆయన ఇంకో చిట్కా చెప్పారు. 72ని సంవత్సరాల సంఖ్యతో భాగిస్తే, డబ్బు రెట్టింపు కావడానికి ఏడాదికి ఎంత వడ్డీ రావాలో సుమారుగా తెలుస్తుందట. 72ని 3తో భాగిస్తే 24. అంటే నూటికి ఏడాదికి 24 రూపాయలు! పోస్టాఫీసు అప్పట్లో ఇచ్చేది 8. ఆ లెక్కన రెట్టింపుకి తొమ్మిదేళ్ళు పడుతుంది.

అన్నయ్యగారు మళ్ళీ వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి మర్యాదగానే అడిగాను. "మాకు నూటికి ఇరవై నాలుగిచ్చి, మీకు కమీషనిచ్చి, ఇంత ఖరీదైన పుస్తకాలు అచ్చు వేయించాలంటే ఆ తోటలు ఏడాదికి ఎంత పండాలి అన్నయ్యగారూ?" ఆయన మొహం ముడుచుకుపోయింది. "నమ్మకం లేకపోతే లేదని చెప్పు చెల్లెమ్మా. ఇలా పరీక్షలు పెట్టకు" అని లేచిపోయారు. వదినగారు నావైపు చూడనైనా చూడలేదు.

డబ్బు అత్తయ్యగారిది. వద్దని చెప్పే హక్కు నాకు లేదు, పెట్టమని చెప్పే ధైర్యమూ లేదు. మావారు బావగారికీ అమ్మకీ మధ్య నలిగిపోతున్నారు. అప్పుడు నాకు చేతనైనది ఒక్కటే కనిపించింది. వ్యాసం రాశాను. పేరు: 'అత్తయ్యగారి మూడు లక్షలు ఎక్కడ ఉంచాలి?'

మేడమ్ ఒక మాట చెప్పేవారు. మన శాస్త్రాలు రాసినవాళ్ళు ముందు పూర్వపక్షం చెప్పి, ఆ తర్వాతే సిద్ధాంతం చెప్పేవారట. ఎదుటివాళ్ళ వాదాన్ని వాళ్ళకన్నా బాగా చెప్పగలిగితేనే దానికి జవాబు చెప్పే అర్హత మనకు వస్తుంది. కాబట్టి మొదటి పేజీ అంతా అన్నయ్యగారి తరఫున రాశాను. ఆయన మనవాడు. తన సొంత లక్ష రూపాయలు అందులోనే పెట్టాడు. ఇప్పటిదాకా చెప్పిన తేదీకి చెప్పినంతా ఇచ్చారు. మన విశాఖ చుట్టుపక్కల భూముల ధరలు నిజంగానే పెరుగుతున్నాయి. ఇవన్నీ నిజాలే, ఒక్కటీ తగ్గించలేదు.

రెండో పేజీలో జవాబులు. ఇప్పటిదాకా ఇచ్చారు సరే, ఆ డబ్బు తోటలోంచి వచ్చిందా, కొత్తగా చేరినవాళ్ళ జేబులోంచి వచ్చిందా? పుస్తకంలో లేదు. భూమి ఎక్కడుంది? లేదు. ఎవరు అనుమతి ఇచ్చారు? లేదు. చివరి పేరా ఇది: 'పోయినా పరవాలేదనుకునే డబ్బు అయితే పెట్టి చూడవచ్చు. ఇది అలాంటి డబ్బు కాదు.'

అత్తయ్యగారికి చదవడం రాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనే చదివి వినిపించాను. అయిపోయాక చాలాసేపు వక్క కొరుకుతూ కూర్చున్నారు. "అయితే మా అల్లుడు దొంగంటావేటే?" అన్నారు. "కాదత్తయ్యా. ఆయన పుస్తకంలో ఉన్నది నమ్మి మనకి చెబుతున్నారు. పుస్తకం రాసినవాళ్ళెవరో ఆయనకీ తెలీదు" అన్నాను. రెండు రోజులు ఆవిడ నాతో పెద్దగా మాట్లాడలేదు. మూడోనాడు పొద్దున్నే స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, "పద, పోస్టాఫీసుకెళ్దాం" అన్నారు. నెలనెలా వడ్డీ ఇచ్చే స్కీములో వేశాం. నెలకి 2,000 రూపాయలు ఆవిడ చేతికి వచ్చేవి. మనవరాలికి పుస్తకాలు ఆవిడే కొనేవారు.

దీనికి మూల్యం లేకపోలేదు. వదినగారు రెండు సంక్రాంతులు మా ఇంటికి రాలేదు. అత్తయ్యగారు అరిసెలు చేసి మావారి చేత పంపేవారు. డబ్బా ఖాళీగా తిరిగి వచ్చేది, మాట తిరిగి వచ్చేది కాదు.

అర్జీ

2014లో ఆ కంపెనీ ఆఫీసులకు తాళాలు పడ్డాయి. అన్నయ్యగారు తనది పోగొట్టుకోవడమే కాదు, ఆయన మాట నమ్మి కట్టిన చుట్టాలు, ఇరుగుపొరుగు ఇంటి మీదికి వచ్చారు. మంచి మనిషి మంచం పట్టినట్టయిపోయారు. ఒకరోజు వదినగారు ప్లాస్టిక్ సంచీ నిండా రసీదులు వేసుకుని మా గుమ్మంలోకి వచ్చారు. "నీకు రాయడం వచ్చు కదే" అన్నారు. అంతకుమించి పాత మాటలేవీ ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

చాపేసుకుని కూర్చున్నాం. వదినగారు చెబుతుంటే కన్నీళ్ళే ఎక్కువ. ఎవరైనా అంతే కదా! కానీ అర్జీ చదివే ఆఫీసరు టేబులు మీద అలాంటివి వందలుంటాయి. అందుకని ఇద్దరం రసీదులన్నీ తేదీల వరసలో పేర్చాం. ఏ తేదీన ఎంత కట్టారు, రసీదు నంబరెంత, ఎప్పుడు ఎంత తిరిగి వచ్చింది, ఇంకా ఎంత రావాలి, ఏ కాగితం జత చేస్తున్నాం. మొదటి వాక్యంలోనే ఏం కోరుతున్నామో చెప్పాం. డిపాజిటర్ల రక్షణకు 1999లోనే మన రాష్ట్రం ఒక చట్టం చేసిందని తెలుసుకుని, దాని పేరు కూడా రాశాం. మొత్తం ఒకటిన్నర పేజీ. కన్నీళ్ళకి ఆఖర్న ఒక్క వాక్యం ఉంచాం, అది వదినగారు చెప్పింది చెప్పినట్టే: 'ఇది మా అమ్మాయి పెళ్ళికి దాచిన డబ్బు.'

ఆ అర్జీని చూసి వాళ్ళ వీధిలో ఇంకో పదకొండుమంది అలాగే రాయించుకున్నారు. డబ్బు మొత్తం వచ్చిందని చెప్పను. కొంత వచ్చింది, అదీ చాలా ఆలస్యంగా. కానీ అందరికీ తమ లెక్క తమకు స్పష్టంగా తెలిసింది, ఆఫీసుకి వెళ్ళినప్పుడు తడబడకుండా చెప్పగలిగారు. అన్నయ్యగారు కూడా నెమ్మదిగా లేచి తిరగడం మొదలుపెట్టి, మిగతావాళ్ళ రసీదులు పేర్చడంలో సాయం చేశారు. ఇప్పుడు సంక్రాంతికి అందరం ఒకచోటే.

మీకోసం నాలుగు మాటలు

ఇదంతా చదివి, 'మాకు కాలేజీకి వెళ్ళే వీలెక్కడిది' అనుకోకండి. నేను నేర్చుకున్నది పోపుల పెట్టె పక్కన పెట్టుకోగలిగినంతే. పది రూపాయల నోటుబుక్కు, ఒక పెన్సిలు చాలు.

వారానికి ఒక్కసారి, మీకు తోచిన విషయం మీద ఒక పేజీ రాయండి. కందిపప్పు ధర గురించైనా సరే. ముందు ఒక్క వాక్యం రాసుకోండి. పేరాకి ఒక పని మాత్రమే ఇవ్వండి. ఒకే గిన్నెలో సాంబారూ పాయసమూ కాచం కదా. అయ్యాక పైకి చదవండి. నాలుక ఎక్కడ తడబడితే వాక్యం అక్కడ దిద్దాలి. మీ మాటకు ఎవరు ఏమని అడ్డుచెబుతారో అదీ రాయండి. ఒక్కోసారి అడ్డుచెప్పినవాళ్ళదే నిజమని తేలుతుంది, అప్పుడు మనసు మార్చుకోవడంలో చిన్నతనం లేదు.

ఇంటికి ఏ కాగితం వచ్చినా, సెల్‌ఫోనులో ఏ కబురు వచ్చినా ఆ మూడు ప్రశ్నలూ అడగండి. ఎవరు చెబుతున్నారు, ఆధారమేది, చెప్పనిదేది. డబ్బు విషయమైతే ఇంకా జాగ్రత్త. అనుమతి లేకుండా డిపాజిట్లు సేకరించడాన్ని నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసింది. అలాంటి సంస్థల మీద ఫిర్యాదు చెయ్యడానికి రిజర్వు బ్యాంకు 2016లో 'సచేత్' అనే ఏర్పాటు చేసింది. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే వాళ్ళ చేత చూపించుకోండి.

అడిగేటప్పుడు గొంతు మాత్రం మెత్తగా ఉంచుకోండి. చాలాసార్లు మన ముందు కూర్చున్న మనిషి అబద్ధాలకోరు కాదు, తనూ ఎవరిదో మాట నమ్మినవాడే. ప్రశ్న కాగితాన్ని అడగాలి, మనిషిని కాదు. అన్నయ్యగారితో నేను మెత్తగానే మాట్లాడాను, అయినా ఆయనకు నొప్పి తగిలింది. అలాంటప్పుడు అరిసెల డబ్బా పంపడం మానకూడదని మా అత్తయ్యగారి దగ్గర నేర్చుకున్నాను.

మా అమ్మాయి డిగ్రీలో చేరినప్పుడు నా పాత నోటుబుక్కు తీసుకెళ్ళింది. ఇప్పుడు అది ఎక్కడుందో తెలియదు గానీ, మొన్న ఇంటి అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందు ఓనరుగారిని పెన్సిలు అడిగిందట. ఆయన పెన్ను ఇవ్వబోతే, "సంతకానికి కాదండీ, చదవడానికి" అందట.